బొమ్మ కింద పేరేది?

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం) ద్వితీయ సంవత్సరం, మోకిల

చాక్లెట్ రుచి తెలియని వారు మన హాస్టల్‌లో ఎవరూ ఉండరు. ఒక్క చాక్లెట్‌ను నాలుగు ముక్కలు చేసి పంచుకున్న వాళ్ళమే మనమంతా. కానీ మిత్రులారా, ఆ చాక్లెట్ ఏ చెట్టు నుంచి వస్తుంది, దాని కాయ చెట్టుకు ఎక్కడ కాస్తుంది అని అడిగితే పీజీ చదివే వాళ్ళు కూడా నీళ్ళు నములుతారు. కోకో కాయ మామిడిలా కొమ్మ చివర వేలాడదు. మన పనసలాగా, మేడిలాగా మొద్దును అంటిపెట్టుకుని కాస్తుంది. పువ్వు చిటికెన వేలి గోరంత. వాటిలో చాలావరకు రాలిపోతాయి, నూటికి ఏ కొన్నో కాయ కడతాయి. కాయ పండటానికి అయిదారు నెలలు. లోపల ముప్పై నలభై గింజలు, వాటి చుట్టూ తెల్లటి గుజ్జు. ఇదంతా ఎక్కడో పరాయి దేశపు ముచ్చట అనుకోకండి. పక్కనే గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో కోకో పండుతోంది. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2024లో ప్రపంచ మార్కెట్‌లో టన్ను ధర పదివేల డాలర్లు దాటింది. 2025లో ధర పడిపోయి అక్కడి కోకో రైతులు రోడ్డెక్కారు. మనకు మాత్రం కోకో అంటే మెరిసే రేపరే!

నాకు కోకో చెట్టు పరిచయమైంది తోటలో కాదు, బొమ్మలో. ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో పాత వృక్ష చిత్రాల గురించి చదువుతుండగా మరియా సిబిల్లా మేరియన్ అనే జర్మన్ చిత్రకారిణి వేసిన కోకో బొమ్మ కనబడింది. పండిన కాయ, పచ్చి కాయ, ఆకు, ఆ ఆకును తినే గొంగళిపురుగు, అది మారిన రెక్కల పురుగు – అన్నీ ఒకే కాగితం మీద. ఈమె 1699లో, యాభై రెండేళ్ళ వయసులో, కూతురిని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడలో వెళ్ళింది. రెండేళ్ళు అక్కడ ఉండి, తిరిగి వచ్చి 1705లో అరవై చిత్రాలతో పుస్తకం అచ్చు వేసింది. ఆ రోజులలో ఆడవారికి విశ్వవిద్యాలయాలలో ప్రవేశమే లేదు! కోకో మొక్క ఎండకు తట్టుకోదు, దానికి నీడనిచ్చే మరో చెట్టు కావాలి అని ఆమె అప్పుడే రాసింది. గోదావరి రైతు కొబ్బరి కింద కోకో నాటడంలో ఉన్న కిటుకు అదే. నిజానికి అంతకు ముందే, 1565లో బెంజోని అనే ఇటలీ యాత్రికుడి పుస్తకంలో అచ్చయిన కోకో బొమ్మలోనూ నీడచెట్టు ఉంది. (ఆ పెద్దమనిషికి చాక్లెట్ పానీయం పందులకు పోసే కుడితిలాగా తోచిందట. ఇప్పుడుంటే ఏమనేవాడో!)

మేరియన్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. ఆమె ధైర్యం ఆడపిల్లలందరికీ ఆదర్శం. అయితే ఆ పుస్తకం గురించి చదివే కొద్దీ నన్ను ఒక ప్రశ్న వెంటాడింది. అడవిలో ఆమెకు దారి నరికి ఇచ్చింది బానిసలు. ఏ పురుగు ఏ చెట్టు మీద దొరుకుతుందో చెప్పిందీ, మొక్కలు పీకి తెచ్చిందీ అక్కడి ఆదివాసులు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిస స్త్రీలు. మన హాస్టల్ గేటు పక్కన ఎరుపు, పసుపు పూలు పూసే రత్నగంధి మొక్క ఉందే, దాని బొమ్మ కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆ మొక్క గింజలను బానిస స్త్రీలు గర్భం పోగొట్టుకోవడానికి వాడేవారని, తమ బిడ్డలు తమలాగా బానిసలు కాకూడదని అలా చేసేవారని, ఆ సంగతి వాళ్ళే తనతో చెప్పారని మేరియన్ రాసింది. ఇంత పెద్ద మాట చెప్పిన ఆ తల్లుల పేర్లు ఏవి? ఒక్క పేరు కూడా పుస్తకంలో లేదు. తిరుగు ప్రయాణంలో ఒక ఆదివాసి స్త్రీని కూడా ఆమె వెంట తీసుకెళ్ళింది. ఆ స్త్రీ పేరూ మనకు దక్కలేదు.

అంతకంటే వంద సంవత్సరాలకు పైగా ముందు, 1571 నుంచి 1577 దాకా, స్పెయిన్ రాజు పంపగా హెర్నాండెజ్ అనే వైద్యుడు మెక్సికోలో మొక్కల వివరాలు సేకరించాడు. వాటిలో కోకో కూడా ఉంది. బొమ్మలు వేసింది అక్కడి స్థానిక చిత్రకారులు. ఆ మూల చిత్రాలు 1671లో రాజభవనం అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. కానీ హెర్నాండెజ్ తన వీలునామాలో పెడ్రో వాస్కెజ్, ఆంటన్, బల్టసార్ ఎలియాస్ అని ఆ చిత్రకారుల పేర్లు రాసి, వాళ్ళకు ప్రతిఫలం ఇప్పించమని రాజును వేడుకున్నాడు. చూశారా, బొమ్మలు కాలిపోయినా పేర్లు మిగిలాయి! ఒక్క మనిషి ఒక్క వాక్యం రాసినందుకు మిగిలాయి. కోకో శాస్త్రీయ నామం థియోబ్రోమా కకావో. 1753లో లిన్నేయస్ పెట్టాడు. మొదటి మాటకు గ్రీకులో దేవతల ఆహారం అని అర్థం. రెండో మాట మెక్సికో ఆదివాసుల నహువా భాష నుంచి వచ్చింది. అంటే పేరులో సగం వాళ్ళది. మనుషులుగా మాత్రం వాళ్ళు లేరు.

ఇక మన తెలుగు నేలకు వద్దాం. నేను అసలు చెప్పదలచుకున్నది ఇదే.

ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క వంటివి పెంచి చూశాడు. 1787లో కోరంగి తీరం మీద విరుచుకుపడిన ఉప్పెనలో అతని పుస్తకాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మన దేశపు చిత్రకారులను జీతానికి పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళాక కూడా ఆ పని ఆపలేదు. అతను వేయించినవి మొత్తం రెండున్నర వేలకు పైగా ఉంటాయి. వాటిలో మూడు వందల బొమ్మలను లండన్‌లో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. కోరమండల్ తీరపు మొక్కలు అని ఆ పుస్తకం పేరు.

అందులో ఏమేమి ఉన్నాయో వింటే ఆశ్చర్యపోతారు. మన మోదుగ ఉంది. బీడీలు చుట్టే తునికి ఉంది. తెలుగు నేల కలంకారీకి ఎరుపు రంగునిచ్చిన చిరివేరు ఉంది. చిరివేరుతో బట్టకు రంగు ఎలా ఎక్కిస్తారో వివరంగా రాశారు. చాలా మొక్కలకు తెలుగువాళ్ళు ఏమంటారో ఆంగ్ల లిపిలో రాసిపెట్టారు. సోమిద చెట్టుకు మన తెలుగు పేరే తర్వాత శాస్త్రీయ నామం కూడా అయింది – సోయ్‌మిడా. జ్వరానికి సోమిద బెరడు వాడతారని మన జనం చెప్పగా విని, పెరూ దేశపు సింకోనా బెరడుకు బదులుగా ఇది పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ పరీక్షలకు పంపించాడు.

పుస్తకం ముఖపత్రం మీద రాక్స్‌బర్గ్ పేరుంది. కంపెనీ డైరెక్టర్ల ప్రస్తావన ఉంది. అచ్చు పనిని పర్యవేక్షించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. తునికి ఆకు మీద ఈనెలను ఒక్కటొక్కటిగా లెక్కపెట్టి గీసిన చేతి పేరు లేదు. చిరివేరు మర్మం విప్పి చెప్పిన రంగుల వాడి పేరు లేదు. సోమిద బెరడు సంగతి చెప్పిన ముసలమ్మో ముసలయ్యో, ఆ పేరూ లేదు. ఆ చిత్రకారులది ఏ ఊరో, ఏ కులమో, ఎంత జీతమో పుస్తకం చదివే వాడికి తెలియదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ బొమ్మలు వేస్తున్న కాలంలోనే, 1789 నుంచి 1792 వరకు, ఉత్తర సర్కారులలో భయంకరమైన కరువు వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. ఆ కరువు చూసే రాక్స్‌బర్గ్ రోడ్ల వెంట, కాలువ గట్ల మీద కొబ్బరి, పనస, అరటి, ఈత వంటి తిండి చెట్లు నాటాలని కంపెనీకి రాశాడు. ఆ మాటకు అతన్ని మెచ్చుకోవాల్సిందే. కానీ అతని దగ్గర కూర్చుని బొమ్మలు వేసిన చిత్రకారుడి ఇంట్లో ఆ ఏడు పొయ్యి వెలిగిందో లేదో ఎవరు రాశారు?

మోదుగ విషయం ఇంకా విచిత్రం. దాని శాస్త్రీయ నామం బ్యూటియా. బ్యూట్ ప్రభువు అని 1762–63లో బ్రిటన్ ప్రధానమంత్రిగా ఉన్న ఒక దొర పేరు అది. మోదుగాకు విస్తరి కుట్టిన వాడు కాదు, హోళీకి మోదుగ పూలు ఉడికించి రంగు తీసిన వాడు కాదు ఆయన. వృక్షశాస్త్రానికి డబ్బు, పలుకుబడి ఇచ్చిన వాడు. ఆ పేరు నిలిచిపోయింది.

పేరు రాయడం ఆ కాలంలో ఆచారం కాదు అని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆ తర్వాత కొద్ది కాలానికే మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన రాబర్ట్ వైట్ అనే మరో స్కాట్లండ్ వైద్యుడు పేర్లు రాశాడు. అతని దగ్గర 1820లలో రంగయ్య, 1840లలో గోవిందు అనే చిత్రకారులు పనిచేశారు. 1838–1853 మధ్య వైట్ ప్రచురించిన పుస్తకంలో రెండు వేల ఒక వంద ఒకటి చిత్రాలు ఉన్నాయి. వాటి కింద చిత్రకారుల పేర్లు అచ్చయ్యాయి. అంతేకాదు, 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని చిత్రకారుడి పేరే పెట్టాడు! అయితే ఆ మొక్క అంతకు ముందే ట్రాపీడియా అని పేరు పెట్టిన ప్రజాతికి చెందిందని తర్వాత తేలింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నామకరణ నియమం. కాబట్టి గోవిందు పేరు పర్యాయ నామాల జాబితాలోకి పోయింది. ఇందులో ఎవరి కుట్రా లేదు, నియమం నియమమే. కానీ బ్యూట్ దొర పేరు నిలిచి, గోవిందు పేరు పోవడం చూసి నాకైతే మనసు చివుక్కుమంది. రంగయ్య, గోవిందు వేసిన దాదాపు ఏడు వందల చిత్రాలు ఇప్పుడు ఎడిన్‌బరోలోని రాయల్ బొటానిక్ గార్డెన్‌లో భద్రంగా ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్త హెన్రీ నోల్టీ 2007లో వారి మీద పుస్తకం తెచ్చాడు. దాని పేరులో రంగయ్య, గోవిందు ఇద్దరూ ఉన్నారు. నూట యాభై ఏళ్ళకైనా ఆ గౌరవం ఎలా దక్కింది? బొమ్మ కింద పేరు ఉంది కాబట్టి!

"గ్రూప్స్‌కు సదువుకోక గీ పాత బొమ్మల లొల్లి ఏందే నీకు?" అని నా స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ పట్టా పట్టుకున్నది మనం. ఉద్యోగం రాకపోతే ఇంటి దగ్గర చెల్లెలి చదువు ఆగిపోయే పరిస్థితి. రెండు వందల ఏళ్ళ కిందటి చిత్రకారుడి పేరు తెలిస్తే అన్నం పెడుతుందా? పెట్టదు. కానీ ఇది రెండు వందల ఏళ్ళ కిందటి సంగతి మాత్రమే అయితే నేను ఈ వ్యాసం రాసే దాన్ని కాదు.

ప్రాక్టికల్ రికార్డుల సంగతి మనందరికీ తెలుసు. నేను డిగ్రీ చదివిన రోజుల్లో మా రూంమేట్ చేతిలో గొప్ప కళ ఉండేది. మందార పువ్వు నిలువుకోత వేస్తే అండాశయంలో గింజలు కూడా లెక్కపెట్టవచ్చు. ఆమె రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా వరండాలో లైటు కింద కూర్చుని డేస్కాలర్ల రికార్డులు వేసేది. పేజీకి పది రూపాయలు. ఆ డబ్బుతో పరీక్ష ఫీజు కట్టుకుంది. ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎగ్జామినర్ ఒక రికార్డు చేతిలో పట్టుకుని, ఇంత చక్కటి బొమ్మలు నేను చూడలేదని అందరి ముందు మెచ్చుకున్నారు. దాని అట్ట మీద పేరు వేరే అమ్మాయిది. మా రూంమేట్ తల వంచుకుని నిలబడింది. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను, రూంమేట్‌ను అసలే తప్పుపట్టను. ఫీజు కట్టాల్సిన తేదీ దగ్గరపడితే ఎవరైనా అదే చేస్తారు. కానీ సామర్లకోటలో జీతానికి బొమ్మ వేసి పేరు లేకుండా పోయిన మనిషి ఎక్కడో చరిత్రలో లేడు, మన వరండాలోనే ఉన్నాడు అని నాకు అనిపించింది. హాస్టల్ పిల్లల చేతికి పని ఉంటుంది, పేరు ఉండదు. బాబాసాహెబ్ మనకు చదువుకోమని చెప్పింది పేజీకి పది రూపాయల కోసం కాదు కదా!

ఇప్పుడు అందరి చేతిలో సెల్‌ఫోన్ ఉంది, ఫొటో తీస్తే చాలు, బొమ్మలెందుకు అనే వాళ్ళున్నారు. ఫొటో ఆ క్షణాన్ని మాత్రమే పట్టుకుంటుంది. మోదుగ పూసినప్పుడు చెట్టుకు ఆకు ఉండదు, కాయ ముదిరేసరికి పువ్వు ఉండదు. ఒకే కాగితం మీద పువ్వు, ఆకు, కాయ, గింజ, పువ్వును విప్పితే లోపలి భాగాలు చూపించగలిగేది చిత్రకారుడే. పైగా బొమ్మ వేయాలంటే మొక్కను గంటసేపు చూడాలి. గంటసేపు చూసిన మొక్కను పరీక్షలో ఎవరూ మరచిపోరు. లండన్‌లో 1787లో మొదలైన కర్టిస్ బొటానికల్ మ్యాగజైన్ ఇప్పటికీ చేత్తో వేసిన బొమ్మలతోనే వస్తోంది.

మా మోకిల గురించి ఒక మాట చెప్పాలి. శంకర్‌పల్లి, చేవెళ్ళ, మొయినాబాద్ మండలాలు కూరగాయలకు, పూల తోటలకు పేరుపడ్డవి. మా అమ్మ పూలు కోసే కూలికి పోయేది. ఆమె పనిచేసిన తోట ఇప్పుడు వెంచర్. 2023లో హెచ్‌ఎండీఏ మోకిలలో ప్లాట్లు వేలం వేస్తే గజం లక్ష రూపాయలు దాటింది. గజం లక్ష పలికే నేలలో గునుగు పువ్వుకు చోటెక్కడ? చేవెళ్ళ రోడ్డు మర్రి చెట్ల కోసం పర్యావరణ ప్రేమికులు ఏళ్ళ తరబడి కొట్లాడారు, హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. తొమ్మిది వందలకు పైగా మర్రి చెట్లను లెక్కపెట్టారు. చాలా మంచి పని. కానీ మర్రి పెద్ద చెట్టు కాబట్టి అందరికీ కనబడింది. పొలం గట్టు మీది చిన్న మొక్కను ఎవరు లెక్కపెడతారు?

మా నాయినమ్మకు చదువు రాదు. కానీ చేను గట్టు మీద నడుస్తుంటే ఆమె నోటి నుంచి మొక్కల పేర్లు వాన చినుకుల్లా రాలుతాయి. "గిది దొగ్గలి కూర బిడ్డా, పప్పుల ఏస్తె మంచిగుంటది. గా పక్కదాన్ని ముట్టకు, దురద పెడ్తది" అంటుంది. గునుగు, తంగేడు, తుమ్మి, ఉత్తరేణి, గంగవాయిలి – నేను ఎం.ఎస్సీ.లో లాటిన్ పేర్లతో నేర్చుకున్న మొక్కల్లో సగం ఆమెకు ముందే తెలుసు. గునుగు అంటే సిలోషియా అర్జెంటియా అని నేను చెబితే నవ్వి, "దానికి గంత పెద్ద పేరెందుకే?" అంది. ఆ తోటలు పోయి, ఆ గట్లు పోయి, మా నాయినమ్మ కూడా పోతే ఆ పేర్లు ఎవరు చెబుతారు?

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన విషయాలు ఒక రిజిస్టర్‌లో రాయాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అంటారు దాన్ని. అందులో విషయం తెలిసిన పెద్దల వివరాలు రాయడానికి కూడా చోటుంది. అంటే రాక్స్‌బర్గ్ పుస్తకంలో లేని గడి మన చట్టంలో ఉంది! ఆ గడి ఖాళీగా ఉండకూడదని నా వాదన. అధికారులు వచ్చి రాస్తారని కూర్చుంటే ఆ గడిలో గ్రామస్థులు అని ఒక్క మాట రాసి వెళ్ళిపోతారు. గ్రామస్థులు అనేది పేరు కాదు.

ఆ పని మన హాస్టల్ పిల్లలు చేయవచ్చు. దసరా సెలవులకు మనం వెళ్ళేది చుట్టుపక్కల నలభై యాభై ఊళ్ళకు. ఆ సమయానికి గునుగు, తంగేడు విరగబూసి ఉంటాయి, బతుకమ్మ కోసం వాటిని తెచ్చే వాళ్ళను అడిగితే ఎక్కడ పూస్తాయో, మునుపు ఎక్కడ పూసేవో చెబుతారు. రికార్డు బుక్కులో వాడే తెల్ల షీటు, హెచ్‌బీ పెన్సిలు చాలు. ఒక్కొక్కరు ఒక్క మొక్క. ఆకు, పువ్వు, కాయ, గింజ అసలు సైజులో వేయండి, సైజు మారిస్తే ఎంతకు ఎంతో రాయండి. కింద మన ఊళ్ళో ఏమంటారో ఆ పేరు, దొరికిన చోటు, తేదీ రాయండి. పుస్తకంలోని పేరు నేను చూసి చెబుతాను. ఆ తర్వాత రెండు గీతలు: బొమ్మ వేసినవారు, మొక్క గురించి చెప్పినవారు. చెప్పినవారిని అడిగి, వాళ్ళు సరేనంటేనే పేరు రాయండి. మందుల సంగతులు కొందరు బయట చెప్పవద్దంటారు, చెప్పవద్దంటే రాయకండి. బొమ్మ బాగా రాని వాళ్ళు పక్క అమ్మాయితో వేయించుకోవచ్చు, అప్పుడు మొదటి గీత మీద ఆ అమ్మాయి పేరే ఉండాలి. సెలవుల తర్వాత షీట్లన్నీ వార్డెన్ మేడమ్ గారికి ఇవ్వండి, వచ్చే సంచికలో కొన్నయినా వేద్దాం. మొదటి షీటు నేను ఇచ్చేశాను. మొక్క: గునుగు. ఊరు: మోకిల. చెప్పినవారి గీత మీద మా నాయినమ్మ పేరుంది.